గాలి చొరని ఇల్లు

వానలు మొదలయ్యీ కాకముందే మా ఆయన ఇంటికి మూత పెట్టేశాడు.

మూత అంటే నిజంగా మూతే. కిటికీ రెక్కలకీ చట్రాలకీ మధ్య సందుల్లో మెత్తటి తోలు పట్టీలు జిగురు పెట్టి అంటించాడు. వీధి తలుపు కింద ఉన్నిగుడ్డ చుట్ట బిగించాడు. వంటగదిలో పొగ పోవడానికి పైన ఒక కంత ఉంటే దానికీ చెక్క కోసి కొట్టేశాడు. పనంతా అయ్యాక కొవ్వొత్తి వెలిగించుకుని, ఒక్కో కిటికీ అంచునా మంటను ఆపి చూస్తూ గోడ వెంబడి నడిచాడు. వెనకాల మా పిట్ట, తండ్రి చొక్కా కొస పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది. మంట ఎక్కడా వణకలేదు.

"చూశావా, పిసరంత గాలి కూడా కారడం లేదు" అన్నాడాయన నాకేసి తిరిగి. తిత్తి కుట్టడం అయినప్పుడు కూడా సరిగ్గా ఈ గొంతుతోనే అంటాడు.

హార్మోనియంలు, అకార్డియన్లు బాగుచెయ్యడం ఆయన పని. ముందుగది కొట్టు, వెనక రెండు గదులూ ఇల్లు అని మేం అనుకునేవాళ్లం గానీ ఆ సంగతి పెట్టెలకి ఎవరూ చెప్పలేదు. మంచం కిందా, బీరువా మీదా, వంటింటి అటక మీదా అవే. చిరిగిన తిత్తులూ, పురుగు కొట్టిన ఉన్నిగుడ్డ ముక్కలూ, ఎవరివో తాతల నాటి హార్మోనియం మెట్లూ మూటలు మూటలుగా పడి ఉండేవి. పెట్టెలకి గుడ్డ తొడుగులు కుట్టేది నేను. గాలి మారినప్పుడల్లా వాటిలో ఏదో ఒకటి తనంతట తానే సన్నగా నిట్టూర్చేది. కొత్తవాళ్లు ఉలిక్కిపడేవాళ్లు. నాకు మాత్రం ఇంటినిండా అత్తగార్లు కూర్చున్నట్టుండేది.

పిట్టకి అప్పుడు ఏడేళ్లు. పొద్దున్న కళ్లు తెరుస్తూనే తుమ్ములు అందుకునేది. ముక్కు నలిపీ నలిపీ కొస ఎర్రగా కందిపోయేది. ఆ ఏడు తుమ్ములతో ఆగలేదు, వానలకి ముందే ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. మా ఆయన దాని వీపుకి చెవి ఆనించి, కళ్లు మూసుకుని వినేవాడు.

"పై స్థాయిలో పలుకుతోంది. ఎడంపక్క ఇంకాస్త ఎక్కువ" అనేవాడు.

"అది పిల్లండీ. బాగుకొచ్చిన పెట్టె కాదు."

"తెలుసులేవే. ఎవరికి వచ్చిన విద్యతో వాళ్లు వింటారు."

ఇంటికి మూత పెట్టడానికి కొద్దిరోజుల ముందే పిల్లని డాక్టరమ్మకి చూపించాం. చూపించమని పోరింది మా వదిన, అంటే మా ఆయన అక్క. సగం రోజు ప్రయాణం చేసి వచ్చి మరీ మాతో ఆసుపత్రికి నడిచింది. వదిన లెక్కల టీచరు. భర్త పోయాక ఒక్కతే ఉంటుంది, పిల్లలు లేరు. ఆమె మాటలో గుణకారమే తప్ప తీసివేత ఉండదని మా ఆయన వెనకాల నవ్వేవాడు, ఎదురుగా మాత్రం చేతులు కట్టుకునేవాడు.

డాక్టరమ్మ పిట్టని ముందుకీ వెనక్కీ తిప్పి విని, కుర్చీలో వెనక్కి వాలింది.

"ఇంట్లో దుమ్ములో పురుగులుంటాయమ్మా, కంటికి ఆనవు. పరుపుల్లో, దిళ్లలో, ఉన్నిగుడ్డల్లో కాపురం ఉంటాయి. మన ఒంటి మీంచి రాలే పొట్టు తిని బతుకుతాయి. వాటి రెట్ట పీలిస్తే కొందరికి పడదు. మీ అమ్మాయికి పడటం లేదు."

నాకు పరువు పోయినట్టనిపించింది. "మా ఇంట్లోనేనా అండీ, అందరిళ్లలోనూ ఉంటాయా?"

"మా ఇంట్లోనూ ఉన్నాయి. చెమ్మా వెచ్చదనం దొరికితే పెరిగిపోతాయి. పక్కబట్టలు మరిగే నీళ్లలో ఉతకండి. ఆ పాత పరుపు తీసేయండి. సామాను తగ్గించండి. ఇంట్లోకి గాలి ఆడనివ్వండి." పీల్చే మందు ఇచ్చి, ఎలా పీల్చాలో పిట్ట చేత చేయించి చూసింది.

ఇన్ని చెబితే మా ఆయన చెవిన పడినవి రెండే, దుమ్మూ చెమ్మా. దుమ్ము ఎక్కడిది? వీధిలోది. గొట్టాలు వేస్తామని మా వీధి పొడుగునా తవ్వి పోశారు. చెమ్మ ఎక్కడిది? వానది. రెండూ బయటివే కాబట్టి బయటివాటిని బయటే ఆపితే సరిపోయె. గాలి ఆడనివ్వమంది కదండీ అంటే, "ఈ ఈదురుగాలిలోనా? పిల్లకి ఛాతీ పట్టేయదూ?" అన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. పక్కబట్టలు మాత్రం నేను మరిగే నీళ్లలోనే ఉతికి, బయట వాన కనక, గదిలో తాళ్లు కట్టి ఆరేశాను.

ఆ తరవాతి రోజులు నాకు విడివిడిగా గుర్తు లేవు. అన్నీ కలిసిపోయి ఒకే ఒక పొడుగాటి మధ్యాహ్నంలా ఉన్నాయి. వాన కనిపించేది, వినిపించేది కాదు. కిటికీ అద్దాల అవతల గొడుగులు నోరు మెదపకుండా వెళ్లిపోయేవి. ఎవరో ఎవరినో కేకేసేవారు, పెదాలు మాత్రం కదిలేవి. లోపల బియ్యం ఉడికే చప్పుడు ఇల్లంతటికీ సరిపోయేది. తాళ్ల మీద దుప్పట్లు బరువుగా వేలాడుతుంటే వాటి మధ్య వంగి వంగి తిరిగేవాళ్లం. ఎందుకో ముగ్గురం గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లం. తొడుగు కుడుతూ కుడుతూ కునికిపాట్లు పడేదాన్ని, మెలకువ వచ్చేసరికి సూది అదే కుట్టులో ఉండేది. నిజం చెప్పాలంటే ఆ రోజులు హాయిగా ఉండేవి. పిల్లని ఏ గాలీ తాకకుండా రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాం అనిపించేది.

అద్దాల మీద లోపలి వైపున ఆవిరి పట్టేది. పిట్ట దాని మీద వేలితో కాళ్లు బోలెడున్న జంతువుల బొమ్మలు వేసేది. బడి మాన్పించేశాం కనక దానికి పొద్దు పోవాలి.

"అమ్మా, ఆ పురుగులు నన్నే తింటాయా?"

"నిన్ను కాదే. నీ ఒంటి మీంచి రాలినదాన్ని."

కాసేపు ఆలోచించింది. "అయితే వాటికి అన్నం పెట్టేది నేనేగా."

ఆ రోజు నుంచీ అవి దాని పిల్లలైపోయాయి. దిండు మీద వాటికి బడి పెట్టింది. తోసుకోకుండా వరసలో రమ్మనేది. అల్లరి చేసినవాటిని దుప్పటి చివరికి పంపేది. వాటి కోసం పాట వాయించమని తండ్రిని అడిగితే, ఆయన చిన్న అకార్డియన్ ఒళ్లో పెట్టుకుని, చీమకి కూడా నిద్రాభంగం కాకుండా వాయించేవాడు. వింటూ వింటూ పిట్ట దగ్గేది. దగ్గు ఆగేదాకా ఆయన తిత్తిని సగంలో ఆపి పట్టుకునేవాడు.

"ఇంత చెరుపు చేస్తున్నాయి, వాటికి పాటలు కూడానా?" అన్నానొకసారి.

"కావాలని చెయ్యవమ్మా. వాటికి తెలీదు" అంది పిట్ట.

దగ్గు తగ్గలేదు. పిల్లికూతలు పగలు కూడా వినపడసాగాయి. మా ఆయన ఇంకా ఎక్కడో సందు మిగిలిపోయిందని మళ్లీ కొవ్వొత్తి పట్టుకుని వెతికాడు. కనపడని సందుని ఎలా మూస్తాడు, పాపం. ఉన్న పట్టీల మీదే ఇంకో వరస అంటించాడు.

ఒక పొద్దున్న నేను పాలు పొంగకుండా చూస్తుంటే వెనక అలికిడి ఏదో తేడాగా అనిపించి తిరిగాను. పిట్ట మంచం మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, భుజాలు పైకి ఎత్తుతూ ఉంది. పలకరిస్తే మాట రాలేదు. మందు పీల్పించాను, మళ్లీ పీల్పించాను. పెదాల రంగు మారుతోంది. మా ఆయన దాన్ని ఎత్తుకుని వీధి తలుపు లాగాడు. తలుపు రాలేదు. చెక్క ఉబ్బి, కింద ఉన్నిగుడ్డ చెమ్మకి గట్టిపడి, ఆయన బిగించినది బిగించినట్టే ఉంది. పిల్లని నా చేతుల్లో పెట్టి, రెండు చేతులా లాగాడు. ఆ కాసేపు నా జీవితంలో అంత పొడుగు కాసేపు ఇంకోటి లేదు. చివరికి తలుపు ఒక్క ఊపున వచ్చింది, ఆయన వెనక్కి పడ్డాడు. నేను చెప్పుల్లేకుండా వానలోకి పరిగెత్తాను.

ఆసుపత్రిలో ముక్కుకీ నోటికీ గొట్టమున్న తొడుగు పెట్టారు. సాయంత్రానికి ఊపిరి కుదుటపడింది. కబురు అందుకుని వదిన మర్నాడే వచ్చింది. ఇంట్లో అడుగుపెట్టి, తాళ్ల మీది దుప్పట్లనీ, మంచం కింది పెట్టెలనీ, కిటికీలనీ చూసింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"ఒరే తమ్ముడూ, నీ మీద నాకు కోపం లేదు. కానీ ఈ ఇంట్లో పిల్ల బతకదు" అంది. "వానలు తగ్గేదాకా నా దగ్గర ఉంచుకుంటాను. అక్కడ బాగుంటే అక్కడే మా బళ్లో వేస్తాను. ఇంక వెనక్కి పంపను. తరవాత ఏడవద్దు, ఇప్పుడే చెబుతున్నాను."

మా ఆయన నేల చూశాడు. వదిన నాకేసి చూసింది. కన్నదాన్ని నేనండీ అనే మాట నోటిదాకా వచ్చింది. కానీ ఆ పొద్దున్న పిల్ల పెదాలు చూసింది కూడా నేనే. లేచి వెళ్లి పిట్ట బట్టలు సర్దాను. బస్సు కదులుతుంటే పిట్ట కిటికీలోంచి తల బయటికి పెట్టి, "నా పిల్లలకి నువ్వు అన్నం పెట్టమ్మా" అని అరిచింది. పక్కనున్నవాళ్లు నన్ను వింతగా చూశారు.

అది లేని ఇల్లు ఎలా ఉంటుందో చెప్పను. ఆగలేక కొన్నాళ్లకి చూడటానికి వెళ్లాను. వదిన ఇల్లు ఎత్తు మీద, దుకాణాల వరస పైన ఆఖరి అంతస్తు. నేనెరిగిన ఇల్లులా లేదు. పరదాలు లేవు, నేల మీద తివాచీ లేదు, మెత్తల కుర్చీలు లేవు. పడమటి కిటికీ పక్కన కొత్త చెక్కమంచం, దాని మీద పల్చటి దుప్పటి. అన్ని కిటికీలూ బార్లా తెరిచి ఉన్నాయి. ఒక పక్క నుంచి దూరిన గాలి ఇంకో పక్క నుంచి పోతోంది. నేల మీద జల్లు పడుతుంటే వదిన శాలువా బిగించి కప్పుకుని, గుడ్డతో తుడుస్తూ ఉంది.

పిట్ట మెట్లన్నీ ఎక్కి వచ్చి నన్ను వాటేసుకుంది. వీపుకి చెవి ఆనించాను. గుండె చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎంత సంతోషించానో మాటల్లో చెప్పలేను. ఆ సంతోషం అడుగున ఇంకొకటి చేదుగా కదిలింది, అదీ చెప్పాలి. తల దువ్వించుకుంటూ పిట్ట, వదిన చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు దేనికో నాకు తెలియలేదు. అది నా పిల్లకీ ఇంకొకరికీ మధ్య నాకు తెలియని మొదటి సంగతి.

"చూశావుగా" అంది వదిన.

"చూశాను వదినా. మీకు చలెయ్యడం లేదూ?"

"వేస్తుంది. అయితే ఏం?"

ఇంటికొచ్చి తడిబట్టలు మార్చుకోకముందే మా ఆయన అడిగాడు, ఎలా ఉందని. పిల్లికూతలు లేవన్నాను. మంచిదేగా అని తల ఊపాడు. చేతులకి ఏదో పని కావాలన్నట్టు, బీరువా మీంచి ఒక పెట్టె దించాడు. వానలకి ముందే పూర్తిచేసి మూసి ఉంచిన అకార్డియన్ అది. ఆ ఏడాది మొత్తానికి తాను చేసిన మంచి పని అదేనని ఆయనే అనేవాడు.

మూత తీయగానే ముక్కిపోయిన వాసన వచ్చింది. తిత్తి మడతల నిండా తెల్లటి బూజు, దూదిలా. లోపల స్వరాలు పలికే రీడ్ల మీద ఎర్రటి తుప్పు చుక్కలు. ఆయన ఒక మడత మీద వేలు పెట్టి రాశాడు, తోలు మెత్తగా ఊడివచ్చింది.

"తడి ఎలా వచ్చింది దీనికి?" అన్నాడు. నన్ను అడగడం లేదు. "నా కిటికీలు కారలేదే."

కిటికీకేసి చూశాడు. అద్దం మీద నీటిబొట్లు ఒకదాంతో ఒకటి కలిసి కిందికి జారుతున్నాయి, లోపలి వైపు. తాళ్ల మీది దుప్పట్లకేసి చూశాడు. పొయ్యి మీద గిన్నెలోంచి లేస్తున్న ఆవిరికేసి, చెక్క కొట్టేసిన కంతకేసి, పిట్ట మంచం వెనక గోడ మీద నల్లగా వ్యాపించిన మరకకేసి చూశాడు. ఆఖరికి నాకేసి చూశాడు.

"బయటిది కాదు" అన్నాడు. "మనదే."

తోలు కోసే సన్నకత్తి తెచ్చుకుని పిట్ట మంచం పక్క కిటికీ దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. పట్టీ ఒక పట్టాన రాలేదు. చట్రం రంగుతో సహా ఊడుతోంది.

"జిగురు బాగా పట్టింది" అన్నాడు.

ఆయన గొంతు విని నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే పని సాగదని రెండో కొస పట్టుకుని లాగాను. కిటికీ తెరుచుకోగానే వాన చప్పుడు ఒక్కసారిగా ఇంట్లోకి వచ్చి పడింది. వీధిలో ఎవరో పారలు కడుగుతూ పోట్లాడుకుంటున్నారు. రెండో కిటికీ పట్టీ లాగుతూ ఇద్దరం వాళ్ల తిట్లు విన్నాం.

మా ఆయనకి ఏ పిచ్చి పట్టినా నిండుగానే పడుతుంది. ఇదివరకు సందులు మూసిన మనిషి ఇప్పుడు సందులు వెతికి పెంచాడు. పొగకంత తెరవడమే కాదు, ఎదురుగోడకి ఇంకోటి కొట్టించాడు. ఇంకో రెండు కొట్టిస్తే దొంగలకి తలుపు తట్టే శ్రమ తప్పుతుందన్నాను. వడ్రంగి మిత్రుడొకడు తన కలప యార్డులో ఒక మూల ఇస్తే పెట్టెలన్నీ అక్కడికి చేరాయి. పాత పరుపు, ఉన్నిగుడ్డ మూటలు బండెక్కి పోయాయి. గోడ మీద మరక గీకి, కడిగి, ఆరనిచ్చి సున్నం వేశాం. వాన తెరిపి ఇస్తే చాలు దుప్పట్లు ఎండలోకి పరిగెత్తేవి. తడిగుడ్డ పట్టుకుని ఆయన కిటికీ కమ్ములు ఒక్కొక్కటే తుడుస్తుంటే, ఎవరి కోసం అని అడగబోయి మానేశాను. పిల్లని తిరిగి పంపుతానని వదిన ఎవరికీ మాట ఇవ్వలేదు.

వానలు వెనకబట్టాక వదిన వచ్చింది, పిట్టతో. ఇక్కడి బడి నుంచి తీసుకోవాల్సిన కాగితాలు, పిల్ల మిగతా బట్టలు, అందుకోసం ఒక ఖాళీ సంచీ. వచ్చిన పని అదని గుమ్మంలోనే చెప్పింది.

పిట్ట లోపలికి పరిగెత్తి, గది మధ్యలో ఆగిపోయింది. "మన ఇల్లు ఎక్కడికి పోయిందమ్మా?"

గదిలో ఒక చెక్కమంచం, నా కుట్టుపెట్టె, తెరిచిన కిటికీలు తప్ప ఏమీ లేవు. వదిన గోడ మీద అరచెయ్యి ఆనించింది. పొగకంతకేసి తలెత్తి చూసింది. ఆ సాయంత్రమే మళ్లీ ముసురు పట్టింది. వెనక్కి తిరిగి చూసిన వానలా అది రోజుల తరబడి కదల్లేదు.

"ముసురు వదిలేదాకా ఉంటాను. ఎండలో ఎవరికైనా బాగానే ఉంటుంది" అంది వదిన. లెక్కల టీచరు కదా.

అన్నాళ్లూ పిట్ట నిద్ర లేవకముందే వదిన లేచి దాని వీపుకి చెవి ఆనించేది. నేను తలుపు దగ్గర నిలబడేదాన్ని. మా ఆయన మాత్రం దగ్గరికి వచ్చేవాడు కాదు, వంటింట్లో గోడకి ఆనుకుని కళ్లు మూసుకునేవాడు. వదిన లేచి నిలబడి ప్రతిసారీ "ఈ పూటకి లేదు" అనేది. ఆ మాట కోసం రోజంతా బతికేదాన్ని. ఒక పొద్దున్న పిట్ట రెండు తుమ్ములు తుమ్మింది. ముగ్గురం ముగ్గురి మొహాలూ చూసుకున్నాం. మూడో తుమ్ము రాలేదు. అది ముక్కు తుడుచుకుని ఆకలేస్తోందంది.

ముసురు విడిచిన రోజు వదిన చాలాసేపు వంగి వింది. పిట్టకి మెలకువ వచ్చి, "చక్కిలిగింతలు పెట్టకు అత్తా" అని అటు తిరిగి పడుకుంది. వదిన లేచి, నిద్రలో జారిన దుప్పటి సర్దింది. తను తెచ్చిన ఖాళీ సంచీని నాలుగు మడతలు వేసి తన సంచీ అడుగున పెట్టుకుంది. వంటింట్లో మా ఆయన మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. నేను గట్టిగా ఏడ్చేదాన్నే, వదిన చేతులు చూసి ఆగాను. ఆ చేతులు మడిచిన సంచీనే పైనుంచి మళ్లీ మళ్లీ నొక్కుతున్నాయి.

వీధి గుమ్మం దాకా సాగనంపాను. ఆమె చెప్పులు తొడుక్కుంటూ నవ్వింది.

"ఒక విధంగా మంచిదే. ఇంక కిటికీలు మూసుకుని వెచ్చగా పడుకుంటాను. చలికి కాళ్లు పట్టేస్తున్నాయనుకో."

ఆ ఆఖరి అంతస్తులో ఆమె ఒక్కతీ ఒక్కో కిటికీ మూసుకుంటూ తిరగడం కళ్లకి కట్టింది. ఇన్నాళ్లూ నేను ఆమె మీద పెట్టుకున్న కుళ్లు ఎటు పోయిందో తెలియదు.

"మూయకండి వదినా" అన్నాను. "సెలవులొస్తే అది అక్కడికే వస్తుంది."

వదిన మెట్టు దిగబోతూ ఆగింది. శాలువా సర్దుకుంది. నాకేసి చూడకుండా, వీధికేసి చూస్తూ అంది:

"పడమటిది ఒక్కటీ మూస్తాను. లేకపోతే దాని మంచం తడుస్తుంది."